కాలువ కూలి, కానుక పెట్టె



ఈ ఉపన్యాస నిధిని నెలకొల్పిన కుటుంబం నాకిచ్చిన విషయం: విశ్వాసం, కష్టం, కలిమి. ఈ మూడింటిలో నడిమిదాన్ని మన ప్రసంగ వేదికలు ఇవాళ దాదాపు వదిలేశాయి. కానుకను విత్తనంగా నాటితే నూరంతలు పండుతుందని టీవీలో చెప్పే బోధకులున్నారు. అప్పు తెచ్చి నాటినవాళ్ళూ మన మధ్యనే ఉన్నారు. పండకపోతే లోపం నీ విశ్వాసంలోనే ఉందంటారు. ఈ బేరంలో బోధకుడికి నష్టమన్నదే లేదు.

మన తెలుగు క్రైస్తవుల చరిత్ర ఇలా మొదలవలేదు. ఒంగోలు సంగతే చూడండి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో అక్కడికి వచ్చాడు. పదేళ్ళకు ధాత సంవత్సరపు కరువు విరుచుకుపడింది. ఆయన మిషనరీ కాకముందు తన దేశంలో భూములు కొలిచే సర్వేయరు; ఆ విద్య ఇక్కడ అక్కరకొచ్చింది. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు నాలుగు మైళ్ళ ముక్కను సర్కారు దగ్గర కాంట్రాక్టుకు తీసుకుని, సంఘ బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. ఆకలితో వచ్చినవాళ్ళు మట్టి తవ్వారు, కూలి పుచ్చుకున్నారు. పని ఆగిన వేళల్లో అదే మేస్త్రీల నోట సువార్త విన్నారు. బాప్తిస్మం ఇమ్మని అడిగినవాళ్ళు చాలామంది. క్లౌ ఇవ్వలేదు. కూటి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని కరువు పోయేదాకా ఆపాడు. సహాయం డబ్బు అయిపోయింది, ఇక ఇచ్చేదేమీ లేదు అని చెప్పాక కూడా వాళ్ళు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమైంది. ఈ అంకెను మనం సభల్లో గర్వంగా చెప్పుకుంటాం. అంతకుముందు ఆయన ఆపి ఉంచిన బాప్తిస్మాలే నాకు ఇంకా పెద్ద విషయం.

కరువుకు ముందు చేరినవాళ్ళకు విశ్వాసం తెచ్చిపెట్టింది నష్టమే. 1866లో బాప్తిస్మం పొందిన యెర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారి. ఆయన వెనక వచ్చిన మాదిగలకు సంఘం పెట్టిన కట్టడలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి ఇవి భక్తి నియమాలు. ఊరి లెక్కలో మాత్రం ఆసామి పొలానికి ఒకరోజు పని బంద్, జాతరలో డప్పు బంద్. పెద్దలు ఊరుకుంటారా? పని మాన్పించారు, కొట్టారు. అయినా వీళ్ళు నిలబడ్డారు.

మరి కలిమి ఎక్కణ్ణుంచి వచ్చింది? నన్నడిగితే, బడి నుంచి. మిషన్ బళ్ళలో చదివినవాళ్ళ పిల్లలు పంతుళ్ళయ్యారు, నర్సులయ్యారు. నెలజీతం ఇంటికొచ్చింది. ఒక తరం పట్టింది, కొన్నిళ్ళకు రెండు తరాలు.

మరి ఆ చరిత్రలో కానుక ఇవ్వడం లేదా అంటే, ఉంది. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య, పేద సంఘాలు పరదేశపు డబ్బు మీద బతకకూడదన్నాడు. వంటకు తీసిన బియ్యంలోంచి ఇల్లాలు గుప్పెడు పక్కన పెట్టేది. ఆ గుప్పెళ్ళన్నీ సంఘానికి చేరేవి. నూరు గుప్పెళ్ళు తిరిగొస్తాయని కాదు, తమ కాపరిని తామే పోషించుకోవాలని.

ఇంగ్లండులో మెథడిస్టు ఉద్యమం నడిపిన జాన్ వెస్లీకి, విశ్వాసంతో కలిమి వస్తుందన్న ఆశకు ఎదురు బెంగ ఉండేది. భక్తి మనిషిని కష్టపడేట్టు, పొదుపు చేసేట్టు మారుస్తుంది. దాంతో డబ్బు చేరుతుంది. డబ్బు చేరాక భక్తి సన్నగిల్లుతుంది. సంపాదించు, పొదుపు చెయ్యి అన్న ఆయనే, ఇచ్చెయ్యి అని కూడా అన్నాడు. ఆ మూడోమాట మన టీవీ బోధకుల ఇళ్ళదాకా వెళ్ళినట్టు లేదు.

మన దగ్గర విశ్వాసం తెచ్చిపెట్టిన నష్టం ఇంకా తీరలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే షెడ్యూల్డు కులాల జాబితాలో ఉండడు. తర్వాత సిక్కులను, బౌద్ధులను ఆ జాబితాలో చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో వాళ్ళు బీసీ-సి కింద, ఒక్క శాతం కోటాలోకి వస్తారు. అందుకే ఎన్నో ఇళ్ళలో ఆదివారం పేరొకటి, ధ్రువపత్రం మీద పేరొకటి. పెళ్ళి చర్చిలో జరిగినా బిడ్డ సీటు కోసం మతం గడి దగ్గర కలం ఆగుతుంది. విశ్వాసాన్ని లాభసాటి పెట్టుబడిగా చూపే బోధకుడు ఆ కుటుంబంతో ఏం చెబుతాడో వినాలని ఉంది.