మన కంపెనీ ఎక్కడ నిలిచియున్నది?

(మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల రైతు ఉత్పత్తిదారుల కంపెనీల సభ్యుల కొరకు చేసిన ప్రసంగ పాఠము)



విత్తన శుద్ధి, ఎరువుల మోతాదు, పురుగు మందులు - వీటిని గూర్చి మా శాఖవారు మీకు తరచు చెప్పుచునే యున్నారు. ఈ దినము నేను చెప్పబోవునది పైరును గూర్చి కాదు, మీరు వాటాధనము చెల్లించి పెట్టుకొన్న కంపెనీని గూర్చి. పంటల శాస్త్రము చెప్పువారికి కంపెనీ లెక్కలతో పనియేమని కొందరికి తోచవచ్చును. మట్టి పరీక్ష చేయించనిదే ఎరువు వేయవద్దని చెప్పువారము, పరీక్ష చేయని కంపెనీ పేర అప్పు తేవద్దని చెప్పుటయు మా పనియే.

రైతులు తమలో తాము కంపెనీ పెట్టుకొనుటకు 2002లో కంపెనీల చట్టమును సవరించి వీలు కల్పించిరి. పదిమంది ఉత్పత్తిదారులు చేరిన చాలును. ఎన్ని వాటాలున్నను రైతుకు ఓటు ఒక్కటే. 2020లో కేంద్ర ప్రభుత్వము పదివేల సంఘముల పథకమును ప్రారంభించి, ఒక్కొక్క సంఘమునకు మూడేండ్లలో నిర్వహణ ఖర్చుల క్రింద 18 లక్షల రూపాయల వరకును, సభ్యుడు కట్టిన వాటాకు సమానముగ తలకు 2,000 రూపాయలకు మించకుండ గ్రాంటును ఏర్పాటు చేసినది. ఈ మూడేండ్ల సహాయము ఆగిన నాడు కంపెనీ తన కాళ్ళపై నిలుచునా లేదా అనునదే అసలు ప్రశ్న. ఆ సమయముననే ఎవరో ఒకరు లేచి "పప్పు మిల్లు పెట్టుదము, రాయితీ వడ్డీకి అప్పు దొరకును" అని అందురు. సభలో చప్పట్లు మ్రోగును. చప్పట్లకు ముందు చేయవలసిన లెక్క ఒకటి యున్నది.

అమెరికాలో రో, మేసన్, డికెల్ అను పండితులు 1980ల తొలినాళ్ళలో పెద్ద కంపెనీల కొరకు ఒక పటమును తయారు చేసిరి. దానిని స్పేస్ మ్యాట్రిక్స్ అందురు. మనము నాలుగు గదుల పటము అనుకొందము. ఒక కాగితముపై నిలువుగ ఒక గీత, అడ్డముగ ఒక గీత గీయుడు. నిలువు గీత పైకొనలో కంపెనీ ధనబలము, క్రిందికొనలో పరిసరముల నిలకడ, అనగా వాన, ధర, ప్రభుత్వ విధానము వంటి మన చేతిలో లేని విషయములు. అడ్డగీత కుడికొనలో ఆ వ్యాపారపు సత్తువ, ఎడమకొనలో పోటీలో మన పైచేయి.

ధనబలమునకు, వ్యాపారపు సత్తువకు 1 నుండి 6 వరకు మార్కులు. 6 మిక్కిలి మంచిది. మిగిలిన రెంటికి మైనస్ 1 నుండి మైనస్ 6 వరకు. ఇక్కడ మైనస్ 1 మంచిది, మైనస్ 6 మిక్కిలి చెడ్డది. ఎందుకనగా ఇవి వెనుకకు, క్రిందికి లాగునవి. లాగుడు ఎంత తక్కువైన అంత మేలు.

వ్యాపారపు సత్తువ, మన పైచేయి ఒకటే కదా యని అనుకోరాదు. దీనికి మార్కాపురము పలకకంటె మంచి ఉదాహరణము లేదు. ఇక్కడి రాతికి సాటి లేదు, పనివారి చేతికి సాటి లేదు; పైచేయి మార్కు ఎప్పుడును మంచిదే. అయినను బడిపిల్లలు పలక విడిచి నోటుపుస్తకము పట్టగనే వ్యాపారపు సత్తువ పడిపోయినది. రాయి మారలేదు, కొనువాడు మారినాడు. అదే రాతిని నేలకు, గోడలకు పరచు పలకలుగా అమ్మసాగిన వారు నిలిచిరి.

ఇక లెక్కకు వత్తము. 400 మంది సభ్యులు, తలకు వెయ్యి రూపాయల వాటా గల ఒక కంపెనీని ఊహించుకొందము. వాటాధనము 4 లక్షలు, దానికి సమానమైన గ్రాంటు 4 లక్షలు, వెరసి 8 లక్షలు. కందుల వ్యాపారము చేయదలచినారు.

ధనబలము: సొంత మూలధనమునకు 2, సరకు కొనుటకు చేతిలోని రొక్కమునకు 1, తూచిన రోజుననే రైతుకు డబ్బు చెల్లించు శక్తికి 1, ఎరువులు విత్తనముల అమ్మకములోని ఆదాయమునకు 4. సగటు 2.

పరిసరముల నిలకడ: వానకు మైనస్ 6, ధరకు మైనస్ 5, దిగుమతి విధానమునకు మైనస్ 4, భూగర్భ జలమునకు మైనస్ 5. సగటు మైనస్ 5. ఇది మరీ కఠినమని కొందరనవచ్చును. 2021 మే నెలలో కందుల దిగుమతికి ప్రభుత్వము తలుపులు తెరచినది. 2025-26కు కందుల మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. అయినను 2025లో అనేక మార్కెట్లలో అంతకంటె తక్కువకే అమ్ముడుపోయినవి. మిరప సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. 2025 ఫిబ్రవరిలో ధర కూలి, కేంద్రము 11,781 రూపాయల ధర ప్రకటించి జోక్యము చేసికొనవలసి వచ్చినది.

వ్యాపారపు సత్తువ: పప్పుకు గిరాకీ 6, చుట్టుపట్ల కంది సాగు 5, పని నేర్చుటలో సులువు 4, మిగులు లాభము 3. సగటు 4.5.

పైచేయి: కాటాపై సభ్యులకు గల నమ్మకము మైనస్ 1, సరకు శుభ్రత మైనస్ 3, పెద్ద కొనుగోలుదారులతో పరిచయము మైనస్ 4, సభ్యుల కట్టుబాటు మైనస్ 4. సగటు మైనస్ 3.

నిలువు గీతపై 2, మైనస్ 5 కలిపిన మైనస్ 3. అడ్డగీతపై 4.5, మైనస్ 3 కలిపిన 1.5. ఆ చోట చుక్క పెట్టుడు. అది కుడివైపు క్రింది గదిలో పడును.

పై కుడి గది వారు విస్తరించవచ్చును. పై ఎడమ గది వారు ఉన్న పనిని నిదానముగ సాగించుకొనవలెను. క్రింది ఎడమ గది వారు నష్టపు పనులు తగ్గించుకొని ప్రాణము దక్కించుకొనవలెను. మన చుక్క పడిన కుడి క్రింది గదికి అర్థమేమనగా - వ్యాపారము మంచిది, కాలము నమ్మరానిది, చేతిలో డబ్బు లేదు. ఇట్టివారు ముందుగ ధనబలము పెంచుకొనవలెను. యంత్రము తరువాతి మాట.

నా మాట నమ్మవద్దు, గుణించి చూడుడు. 8 లక్షల రూపాయలు, క్వింటాలు 8,000 చొప్పున, కొనగలిగినది 100 క్వింటాళ్ళు మాత్రమే. సభ్యుడు తలకు 2 క్వింటాళ్ళు తెచ్చినను 800 క్వింటాళ్ళు, దానికి 64 లక్షలు కావలెను. రోజుకు 10 క్వింటాళ్ళు ఆడించు చిన్న మిల్లు పెట్టినచో మన డబ్బుతో కొన్న సరకు పది రోజులలో అయిపోవును. పప్పు అమ్ముడై డబ్బు తిరిగి చేతికి వచ్చువరకు మిల్లు ఖాళీ, వడ్డీ మాత్రము ఖాళీగ నుండదు. ఇంకొక సంగతి. సభ్యుల కట్టుబాటుకు మైనస్ 4 ఎందుకు పడినది? కంపెనీ డబ్బు నెల తరువాత ఇచ్చును, వ్యాపారి ఆ సాయంకాలమే ఇచ్చును, పైగా ఖరీఫులో పెట్టుబడి కూడ ఇచ్చియున్నాడు. సభ్యులకు నిజాయితీ లేదని డైరెక్టర్లు విసుగుకొనుట న్యాయము కాదు. ధనబలములోని ఆ 1 మార్కే ఇక్కడ మైనస్ 4గా కనబడుచున్నది.

కనుక వాటాధనము పెంచుట, కొద్ది మొత్తమైనను తూచిన నాడే చెల్లించుట, సరకు నిలువపై అప్పు తెచ్చుట మొదలు చేయవలసిన పనులు. 2007 గిడ్డంగుల చట్టము క్రింద నమోదైన గిడ్డంగిలో సరకు ఉంచి, వారిచ్చు రసీదుపై బ్యాంకులో అప్పు పొందవచ్చును. కందులను 9, 10 శాతము తేమ వరకు ఆరబెట్టియే నిలువ చేయుడు. పుచ్చు పట్టిన బస్తాపై ఏ బ్యాంకును అప్పు ఈయదు.

ఈ పటములో మోసమునకు తావు కూడ కలదు. మిల్లుపై మనసు పడినవారు, మంజూరైన అప్పును సొంత డబ్బుగా ఎంచి ధనబలమునకు సగటు 4 వేయుదురు. రెండు మంచి వానకాలములు చూచి పరిసరములకు మైనస్ 3 వేయుదురు. నిలువు లెక్క ప్లస్ 1 అగును. చుక్క పై గదికి ఎగబ్రాకును. పటమే విస్తరించుమన్నదని తీర్మానము వ్రాయుదురు. పొలములో ఒక్క గింజ పెరగలేదు. అప్పు బలము కాదు, బరువు.

వెలిగొండ మాట కూడ వచ్చును. శ్రీశైలము జలాశయమునుండి నల్లమల క్రిందుగ రెండు సొరంగముల ద్వారా 43.5 టి.ఎం.సి.ల కృష్ణా నీరు తెచ్చుటకు ఉద్దేశించిన ఆ పథకముపై ఈ ప్రాంతమువారి ఆశ సహజము. కాని మార్కు వేయవలసినది మీ ఊరి కాలువలో నీరు పారిన రోజున. అప్పుడు జలము మార్కును మైనస్ 5 నుండి మైనస్ 3కు మార్చుకొన్నను సగటు మైనస్ 4.5 అగును. చుక్క కొంచెము పైకి జరుగును, గది మారదు.

మార్కులు డైరెక్టర్లు మాత్రమే కూర్చుండి వేయరాదు. పదిపదిహేను మంది సభ్యులు, అందులో మహిళలును కౌలుదారులును తప్పక ఉండునట్లు చూచి, ఎవరికి వారే ఒకరి కాగితము ఒకరు చూడకుండ వేయవలెను. కంభము చెరువు క్రింది రైతును, పెద్దారవీడు మెట్టలోని రైతును నీటికి ఒకే మార్కు వేయరు. ఆ తేడాను సగటులో కలిపి మరుగుపరచక, ఎందుకు వచ్చినదో సభలో అడుగుడు. నా అభిప్రాయములో పటమంతటికన్న ఈ సంభాషణయే విలువైనది.

కంది కోత ముగిసి కాటా లెక్కలు తేలిన పిమ్మట, మాఘమాసములో ఒక పూట దీనికి చాలును. మొదటి సంవత్సరపు కాగితమును తేదీతో, సంతకములతో ఆఫీసులో భద్రపరచుడు. మరుసటి మాఘములో క్రొత్త చుక్కను ఆ కాగితము మీదనే వేరొక రంగు సిరాతో పెట్టుడు.