కుంచమును, చర్మములోని రక్తమును
(బరంపురము తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము కుంచము పట్టి బ్రతికినవారము. మా చదువు మెట్రిక్యులేషనుతో ముగిసినది. వైద్యమును గూర్చి మాటలాడుటకు మాకు అధికారము లేదు. అయినను కొలత సంగతి వచ్చినపుడు వర్తకుడు ఊరకుండజాలడు.

గడచిన పుష్యమాసమున, మధుమేహముగల మా పెదతండ్రిగారి కాలివ్రేలికి పుండు లేచెను. అది మానునో మానదో తెలియుటకై ఒక వైద్యశాలలో లేజరు డాప్లరు యంత్రముతో చర్మములోని రక్తప్రవాహమును కొలిచిరి. అంకె తక్కువ వచ్చినది. వ్రేలు తీయవలసివచ్చునేమో యనిరి. పది దినముల పిమ్మట మరల కొలువగా అంకె ఇంచుమించు రెట్టింపైనది. ఇంటివారు సంతోషించిరి, మేము సందేహించితిమి. మొదటి దినమున ఆయన చలిగాలిలో ఆటో దిగి తిన్నగా బల్లపై పరుండిరి. రెండవ దినమున వెచ్చని గదిలో గంటసేపు కూర్చుండిరి. మారినది రక్తనాళములా, గదియా?

ఆ యంత్రము పంపు కాంతి చర్మములో ఇంచుమించు ఒక మిల్లీమీటరు లోతునకు పోయి, కదలు ఎర్రకణములకు తగిలి, కొంచెము మారి తిరిగివచ్చును. 1842లో డాప్లరు పండితుడు తెలిపిన సూత్రమే. 1975లో స్టెర్న్ అను వైజ్ఞానికుడు దీనిని చర్మమునకు అన్వయించెను. యంత్రము మిల్లీలీటర్లు చెప్పదు, తన సొంత అంకె చెప్పును. కొలుచు చోటు ఆవగింజంత. మొన కొంచెము జరిగిన చాలు, లెక్క మారును. కాఫీ, భోజనము, ప్రొద్దు, చుట్ట (మన పెద్దలలో మాననివారు ఇంకను కలరు గదా!) అన్నియు దానిని మార్చును.

దీనికి విరుగుడుగా పరిశోధకులు ముంజేతి చర్మమును 42 మొదలు 44 డిగ్రీల వరకు వేడిచేసి, గరిష్ఠ ప్రవాహమును రాబట్టి, కొలిచినది అందులో ఎన్నవపాలో చెప్పుదురు. మంచి యుపాయమే. కాని వయస్సుతో ఆ గరిష్ఠమే తగ్గును. నాళపు గోడలలో పుట్టు నైట్రిక్ ఆక్సైడు ముదిమిలో కొరవడుట యొక కారణము. ఇరువదియేండ్ల వాని కుంచము వేరు, డెబ్బదియేండ్ల వారి కుంచము వేరు. కుంచమే చిన్నదైనపుడు అరకుంచమన్న మాట ఇద్దరియెడలను సత్యమే; గింజలు మాత్రము సమానము కావు. పాలును మాత్రము చూచినవానికి ముదిమి కొరత కనబడదు. ఉత్త అంకెను చూచినవాడు గదిచలిని వ్యాధి యనుకొనును. రెండును వ్రాయవలెను.

ఇది పుండ్లకే చెందిన మాట కాదు. తీవ్రమైన వేడిలో యువకుని చర్మమునకు నిమిషమునకు ఏడెనిమిది లీటర్ల రక్తము చేరగలదు. ఒంటివేడి వెలికి పోవు త్రోవ అదియే. పెద్దలలో అది ఇరుకగును. 1998 వేసవిలో మన ఒడిశాలో వడదెబ్బకు రెండువేలమందికి పైగా మరణించిరి. ఆ వేసవిని ఈ సభలో పలువురు చూచినవారే.

పెదతండ్రిగారికి వచ్చే మాసమున మూడవ కొలత. గదివేడిమి, మొన పెట్టిన చోటు, కొలిచిన వేళ కాగితముపై వ్రాయుటకు వైద్యులు ఒప్పుకొనిరి. అదే గది, అదే వ్రేలు, అరగంట విశ్రాంతి, ఉదయము కాఫీకి ముందు. ఆయనకు ఈ చివరిదొక్కటే కష్టముగా తోచినది.