ముసలి పిల్లి పోషణము



పిల్లిని చంపిన పాపము మిక్కిలి గొప్పదని మన పెద్దలు చెప్పుదురు. ఆ భయముచేత మన గ్రామములలో ఎవరును పిల్లిని చంపరు. గోనెసంచిలో పెట్టి, మూతి కట్టి, ఊరి పొలిమేర దాటించి వదలి వత్తురు. చంపలేదు గదా యని మనస్సునకు సమాధానము చెప్పుకొందురు. అట్లు వదలి వచ్చినవారిలో నేనును ఒకడను. నేడు మీకు చెప్పబోవు సంగతి అక్కడనే మొదలగుచున్నది.

1994వ సంవత్సరమున మా యింట ఒక ముసలి పిల్లి యుండెను. అది మా తల్లిగారు పెంచినది. పన్నెండేండ్లు మా ధాన్యమును ఎలుకలబారినుండి కాపాడినది. ఆ యేడు అది రేయింబవళ్లు నీళ్లు త్రాగుట మొదలుపెట్టెను. పెరటిలోని నీళ్లతొట్టి యంచున కూర్చుండి, ఎంత త్రాగినను తనివి తీరనట్లు త్రాగెడిది. త్రాగిన నీరంతయు ఇల్లంతట విడిచెడిది. ఎంత పెట్టినను ఇంకను పెట్టుమని అరచెడిది. అయినను దినదినమునకు చిక్కిపోవుచుండెను. వెనుక కాళ్లు మడమలవరకు నేలకానించి, ఈడ్చుకొనుచు నడచెడిది.

దేవునిగది వాకిట తడిచేసిన నాడు నా యోపిక నశించెను. దానిని సంచిలో పెట్టి, సైకిలుపై కాలువ అవతలి గట్టునకు తీసికొనిపోయి వదలివచ్చితిని. సాయంకాలము మా తల్లిగారు “పిల్లి కనబడదేమిరా?” అని యడిగిరి. “ఎక్కడికో పోయినదమ్మా” అని బొంకితిని. బడిలో పిల్లలకు హరిశ్చంద్రుని కథ చెప్పు పండితుడను నేను! ఆమె పదిదినములు పెరటి మెట్టుపై పాలగిన్నె పెట్టుచునే యుండిరి. పిమ్మట మానిరి. నన్ను మరల నడుగలేదు.

ఇరువదితొమ్మిదేండ్లు గడచినవి. 2023వ సంవత్సరమున, నా భార్య గతించిన మరుసటి యేడు, అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున కాపురమున్న మా అమ్మాయి యింట ఆరునెలలు గడపుటకు పోయితిని. అక్కడ ఒకనాడు అమ్మాయియు అల్లుడును నన్ను ఒక జంతు శరణాలయమునకు తీసికొనిపోయిరి. దారి తప్పినవి, యజమానులు విడిచినవి, యజమానులు గతించినవి అగు కుక్కలను, పిల్లులను అట్టిచోట్ల నుంచి పోషింతురు. పెంచుకొన దలచినవారు వచ్చి, చూచి, కొంత రుసుము చెల్లించి తీసికొనిపోవుదురు.

వచ్చినవారందరును పిల్లికూనలున్న వైపునకే పోవుచుండిరి. ఒక మూలగూటిలో పెద్ద గండుపిల్లి యొకటి గోడవైపు తిరిగి పరుండియుండెను. గూటికి కట్టిన చీటీపై దాని చరిత్రమంతయు వ్రాసియున్నది. వయస్సు పదునొకండేండ్లు. బరువు పదునెనిమిది పౌనులు. మన లెక్కకు ఎనిమిది కిలోలకు పైమాట. సాధారణముగా ఇంటిపిల్లి నాలుగైదు కిలోలుండును. రోగము మధుమేహము, దినమునకు రెండు సూదులు. దానిని పెంచిన ముసలమ్మ వృద్ధాశ్రమమున చేరినదట. అక్కడ పిల్లిని రానీయరట.

మా అమ్మాయి ఆ గూటికడ నిలిచిపోయెను. నేను వెంటనే హితోపదేశములోని గ్రుడ్డిగ్రద్ద కథ నెత్తుకొంటిని. కులశీలములు తెలియని పిల్లికి చోటిచ్చి ఆ ముసలిగ్రద్ద ప్రాణములు పోగొట్టుకొన్న కథ మీరును చదివియే యుందురు. అమ్మాయి నవ్వి, “నాన్నగారూ, దీని కులశీలములు చీటీమీదనే యున్నవి గదా! రోగముకూడ దాచలేదు” అనెను. ముప్పదియైదేండ్లు ఆ కథ చెప్పిన నాకు మారుమాట దొరకలేదు.

అయినను వారు జాలిపడి ఆనాడే దానిని తీసికొనలేదు. ఇంటికి వచ్చి కాగితముపై లెక్క వ్రాసిరి. సూది ఎవరు వేయుదురు? మందునకు, ఆహారమునకు, వైద్యునకు నెల కెంతయగును? ఊరికి పోవలసివచ్చినచో ఎవరు చూతురు? ఇది ఇంకను నాలుగైదేండ్లు బ్రతికినచో అన్నియేండ్లును చేయగలమా? ఈ నాలుగు ప్రశ్నలకును సమాధానములు కుదిరిన పిదపనే మరునాడు పోయి తెచ్చిరి. పగటివేళ ఇంటనుండువాడను నేనే గనుక కొంత పని నా వంతు వచ్చినది.

ఈ రోగమును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. మన సుశ్రుతుడు మధుమేహమును రెండు తెరగులుగా విభజించెను. పుట్టుకతో వచ్చునది యొకటి. అపథ్యముచేత వచ్చునది మరియొకటి. మొదటి రోగి కృశించియుండును. రెండవ రోగి స్థూలుడై, తిని కూర్చుండువాడై యుండును. పిల్లులకు వచ్చునది చాలవరకు ఈ రెండవదానిని పోలినది. బలిసిన పిల్లికి ఈ రోగము వచ్చు అవకాశము తగిన బరువుగల పిల్లికంటె నాలుగురెట్లవరకు ఉండునని పశువైద్యులు చెప్పుదురు. ఇల్లు కదలక తినుచుండునట్టియు, వయస్సు ముదిరినట్టియు మగపిల్లులకు ఇది మరింత ఎక్కువ.

దీనికి ఇన్సులిను ముఖ్యౌషధము. 1921లో కెనడాదేశమున టొరంటో నగరమందు బాంటింగు, బెస్టు అనువారు దానిని కుక్కలపై పరీక్షించి కనుగొనిరి. 1922 జనవరిలో మొదటిసారి ఒక బాలునకు ఇచ్చిరి. అటుపిమ్మట అరువదేండ్లవరకు మనుష్యులు వాడిన ఇన్సులిను ఆవుల యొక్కయు, పందుల యొక్కయు క్లోమగ్రంథినుండి తీసినదే. మధుమేహరోగులమైన మనము జంతువులకు పడిన ఋణము ఇంతింతయని చెప్పరానిది. మనమని యేల యంటిననగా, నేనును తొమ్మిదేండ్లుగా ఈ రోగము కలవాడనే.

పిల్లికి పండ్రెండు గంటల కొకసారి, ఆహారముతోపాటు, సూది వేయవలెను. మా పిల్లికి వైద్యుడు పూటకు రెండు యూనిట్లు నిర్ణయించెను. మెడవెనుకనో ప్రక్కననో వదులు చర్మము నెత్తి సన్నని సూది గ్రుచ్చినచో, తినుచున్న పిల్లి తల యెత్తి చూడనుకూడ చూడదు. చెవియంచున చీమకుట్టినంత పొడిచి, ఒక నెత్తురుబొట్టుతో చక్కెర ఎంతయున్నదో ఇంటనే చూడవచ్చును. వైద్యశాలలో పిల్లి బెదరును. బెదరిన పిల్లికి చక్కెర తనంత పెరుగును. కావున ఇంటి లెక్క వైద్యునకు మిక్కిలి యుపయోగించును.

ఆహారము సంగతి నాకు కష్టమైనది. మాది శాకాహార కుటుంబము. అన్నము, పాలు పెట్టి పెంచవచ్చును గదా యని నేనంటిని. అది కుదరదు. పిల్లి దేహము మాంసముచేత నిలుచునట్లు నిర్మింపబడినది. టారిను అను ఒక పదార్థమును అది తగినంతగా తనలో తయారుచేసికొనలేదు. అది మాంసమున నున్నది. లోపించినచో పిల్లికి చూపు పోవును, గుండె చెడును. పిండిపదార్థము లెక్కువైనచో మధుమేహము ముదురును. నా నియమము నాది, దాని దేహధర్మము దానిది అని మనస్సునకు నచ్చజెప్పుకొని, చేపమాంసపు డబ్బా మూత తీయ నేర్చుకొంటిని.

బలిసినది గదా యని పస్తు పెట్టరాదు. ఇది ముఖ్యముగా గుర్తుంచుకొనదగినది. బలిసిన పిల్లి కొద్దిదినములు తినకున్నచో ఒంటిలోని క్రొవ్వు కాలేయమున చేరి ప్రాణమునకే ముప్పు తెచ్చును. వారమునకు దేహపు బరువులో నూటికొక వంతు చొప్పున మెల్లగా తగ్గింపవలెను. నేను వారమున కొకసారి పిల్లి నెత్తుకొని తూకపుయంత్రముపై నిలిచి, పిదప నా బరువు తీసివేసి, గోడపై కాగితమున వ్రాయుచుంటిని. ఉపాధ్యాయునకు తగిన పనియే.

ఈ పనిలో నేను రెండు తప్పులు చేసితిని. దాచక చెప్పెదను.

మొదటిది జాలివలన చేసినది. తూచి పెట్టిన కూడు తిని, అది నా ముఖమువంక చూచుచు అరచెడిది. మనస్సాగక, అమ్మాయి చూడనప్పుడు రెండు ముద్దలు పెరుగన్నము పెట్టుచుంటిని. పది దినములలో చక్కెర పెరిగెను, బరువు తగ్గుట ఆగెను. వైద్యుడు మందు మోతాదు పెంపబోవుచుండగా నేను సంగతి యొప్పుకొంటిని. ఒప్పుకొననిచో నా పెరుగన్నమునకు తోడు ఎక్కువ మందు పడియుండెడిది.

రెండవది నియమమువలన చేసినది. ఒకనాటి యుదయమున అమ్మాయియు అల్లుడును పెందలకడనే పనులకు పోయిరి. పిల్లి తిన్నదంతయు కక్కెను. గడియారమున ఏడు గంటలైనది. వేళ తప్పరాదని నేను పూర్తి మోతాదు వేసితిని. మూడు గంటల పిమ్మట చూతునుగదా, అది తూలుచు గోడకు తగులుచున్నది. చూపు నిలుచుట లేదు. ఇన్సులిను పడి, కడుపున ఆహారము లేనందున, చక్కెర మితిమీరి పడిపోయినది. అమ్మాయి ముందే నేర్పియుండుటచే దాని చిగుళ్లకు తేనె పూసి ఫోను చేసితిని. అమ్మాయి పరుగున వచ్చి వైద్యశాలకు తీసికొనిపోయెను. సాయంకాలమునకు తేరుకొన్నది. ఆ నాలుగు గంటలు నేను కూర్చున్న కుర్చీనుండి లేవలేకపోయితిని. ముందు తిన్నదా యని చూడవలెను, పిదపనే సూది. తినకున్నను, కక్కినను, వైద్యుని యడుగక మందు వేయరాదు.

ఆనాడు వైద్యశాలలో అది నడచుచుండగా వైద్యుడు దాని వెనుక కాళ్లను చూపెను. మడమలు నేల కానుచున్నవి. మధుమేహము ముదిరి నరములు బలహీనమైన పిల్లులు ఇట్లు నడచుననియు, చక్కెర అదుపున నున్నచో చాలవాటికి ఇది క్రమముగా బాగుపడుననియు ఆయన చెప్పెను. నాకు కాలువగట్టు జ్ఞప్తికి వచ్చినది. నీళ్లతొట్టి, ఆకలి, చిక్కుట, తడి, మడమల నడక — అన్నియు అవే గురుతులు. మా తల్లిగారి పిల్లి కొంటెతనముచేత ఇల్లు తడుపలేదు. దానికి రోగము. దానికి చికిత్స యున్నదని నాకు తెలియదు. కాని అది బాధపడుచున్నదని తెలియుటకు వైద్యవిద్య అక్కరలేదు గదా!

నేను తిరిగి వచ్చునాటికి మా గండుపిల్లి ఆరున్నర కిలోలకు దిగినది. మడమలు పైకి లేచినవి. కుర్చీపైకి తానే యెక్కుచుండెను. కొన్ని పిల్లులకు, రోగము తొలిదశలోనే కనిపెట్టి చికిత్స చేసినచో, ఇన్సులిను అవసరమే లేకుండ పోవుటకూడ కలదు. మా దానికి అట్లు కాలేదు. మోతాదు సగమునకు తగ్గినది. ఇప్పటికిని దినమునకు రెండు సూదులతో జీవించుచునే యున్నది. దానితో ఏడు గంటలకు లేచి నేనును నా మాత్ర వేళకు వేసికొన నేర్చుకొంటిని. అంతకుముందు జ్ఞాపకము వచ్చినప్పుడు వేసికొనెడివాడను.

ఇది పెద్దవారు వినుచున్న ప్రసంగము గనుక ఒక మాట. మన యిండ్లలో ముసలి పిల్లియో కుక్కయో ఎక్కువగా నీరు త్రాగి, తినుచునే చిక్కిపోవుచున్నచో, పశువైద్యునకు చూపుడు. తాతగారి ఇన్సులిను ఇంటనున్నది గదా యని ఎవరును స్వయముగా వేయరాదు. మన దేశమున మిల్లీలీటరునకు 40 యూనిట్ల మందును, 100 యూనిట్ల మందును రెండును దొరకును. ఒకదాని సూదితో ఇంకొకటి తీసినచో మోతాదు తలక్రిందులై ప్రాణము పోవును. 2022, 2023 సంవత్సరములలో అమెరికాలో నోటితో ఇచ్చు మందులుకూడ అనుమతి పొందినవి. కాని అవి అంతకుముందు ఇన్సులిను పుచ్చుకొనని, తక్కిన ఆరోగ్యము బాగున్న పిల్లులకు మాత్రమే తగినవి. ఏది తగునో వైద్యుడే చెప్పవలెను.

ఖర్చు భరింపలేనివారు భరింపలేమని చెప్పుట తప్పుకాదు. తీసికొనక మునుపే లెక్క చూచుకొనవలెను. తీసికొన్న పిదప ఆకలిదప్పులకు విడిచిపెట్టుట 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. చట్టము లేకున్నను నేరమే. పిల్లికి బిచ్చము పెట్టనివాడని లోభిని నిందింతుము. మా పిల్లిని పోషించుచు నేను తెలిసికొన్నదేమనగా, బిచ్చము పెట్టిననే చాలదు. దయకు త్రాసు కావలెను, గడియారము కావలెను. ఆ రెంటికిని మించి, ఎదుటి ప్రాణి ఈపూట ఎట్లున్నదో చూచు కన్ను కావలెను.

మా తల్లిగారు గతించి చాలకాలమైనది. పెరటి మెట్టుమీద పాలగిన్నె పెట్టిన ఆ పదిదినములలో ఏనాడైనను నేను నిజము చెప్పియున్నచో, ఆమె నన్ను కాలువ గట్టునకు పంపి వెదకించియుండెడివారు. దొరకియుండెడిదేమో కూడ. ఆమెకు చెప్పలేని ఆ మాటను నేడు మీయందరియెదుట చెప్పి సెలవు తీసికొనుచున్నాను.