ఎడమ కణం వెనక్కి, కుడి కణం ముందుకు



ఈ ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆయన జంతుశాస్త్రం చెప్పిన మాస్టారు. ఏలికపామును కోసి ట్రేలో పరిచి, ముందు బాగా చూసి ఆ తర్వాతే పెన్సిలు పట్టుకోమనేవారు. ఆయన జ్ఞాపకార్థం మాట్లాడమన్నప్పుడు ఒక పురుగు గురించే మాట్లాడాలనిపించింది. మన బడుల్లో పిల్లలకు ఆల్బెండజోల్ మాత్రలిచ్చి వదిలించే నులిపురుగులకు ఇది దూరపు చుట్టం. కానీ ఎవరి కడుపులోనూ చేరదు. కుళ్లుతున్న పళ్ల మీద, చెత్తాకుల మీద బాక్టీరియాను తిని బతుకుతుంది. పూర్తిగా ఎదిగినా ఒక మిల్లీమీటరే. పేరు సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్.

1960లలో కేంబ్రిడ్జ్‌లో సిడ్నీ బ్రెన్నర్ దీన్ని ఏరికోరి ఎంచుకున్నాడు. ఒళ్లంతా పారదర్శకం. గుడ్డు మళ్లీ గుడ్డు పెట్టే దశకు చేరడానికి మూడు రోజుల పైచిలుకు చాలు. ఎదిగిన ద్విలింగ పురుగులో శరీర కణాలు 959, అందులో నాడీకణాలు 302. బతికున్న పిల్లపురుగును పలచటి అగర్ పొర మీద ఉంచి, సూక్ష్మదర్శిని కింద గంటల తరబడి చూస్తూ, ఏ కణం ఎప్పుడు చీలిందో, ఎటు జరిగిందో జాన్ సల్‌స్టన్ చేత్తో గీశాడు. పిల్ల బయటికి వచ్చాక జరిగే కణవిభజనల వంశావళిని 1977లో రాబర్ట్ హార్విట్జ్‌తో కలిసి ప్రచురించాడు. 2002లో ఈ ముగ్గురికీ నోబెల్ వచ్చింది. నా దృష్టిలో అసలు బహుమతి ఆ గీతల పటమే. కణాల చిరునామాలు అందులో ఉన్నాయి కాబట్టే, ఒక కణం దారి తప్పితే తప్పిందని చెప్పగలుగుతున్నాం.

ఆ పటంలో రెండు కణాలున్నాయి, వాటి పేరు క్యూ. ఒకటి పురుగుకు ఎడమ పక్కన, ఇంకొకటి కుడి పక్కన, నడుముకు కాస్త వెనగ్గా, సరిగ్గా ఎదురెదురుగా ఉంటాయి. పుట్టుక ఒకే తీరు, ఇరుగుపొరుగు కణాలూ ఒకే తీరు. పురుగు గుడ్డు చీల్చుకుని వచ్చిన కొద్దిసేపటికే ఎడమ క్యూ తోక వైపు కాలు చాపుతుంది, కుడి క్యూ తల వైపు. నడుస్తూ నడుస్తూనే చీలతాయి. ఒక్కో దానికి ఐదుగురు వారసులు పుడితే ఇద్దరు చనిపోతారు, ముగ్గురు నాడీకణాలవుతారు. కుడి వారసుల్లో ఏవీఎం అనేది శరీరం ముందు భాగంలో స్థిరపడుతుంది, ఎడమ వారసుల్లో పీవీఎం వెనక భాగంలో. రెండూ స్పర్శను పట్టే కణాలే. పురుగు ముందు భాగాన్ని కనుబొమ వెంట్రుకతో మెల్లగా తాకితే అది వెనక్కి పోతుంది. ప్రయోగశాలలో నిజంగానే పుల్లకు కనుబొమ వెంట్రుక అంటించి ఈ పరీక్ష చేస్తారు. ఆ తాకిడిని పట్టేవాటిలో ఏవీఎం ఒకటి. ఎక్కడ ఆగిందన్నదాన్ని బట్టే ఆ కణానికి పని.

మరి కవలల్లాంటి రెండు కణాలు చెరో దిక్కుకు ఎందుకు వెళ్లాయి?

తోక దగ్గరి కొన్ని కణాలు ఈజీఎల్-20 అనే ప్రోటీన్‌ను విడుదల చేస్తాయి. ఇది వింట్ కుటుంబపు సంకేతం. ఈ కుటుంబం మనలోనూ ఉంది. ఎడమ క్యూలో ఈ సంకేతం మ్యాబ్-5 అనే జన్యువును మేల్కొలుపుతుంది. మ్యాబ్-5 మేల్కొంటే వారసులు వెనకే ఉంటారు. ఆ జన్యువు చెడిపోతే ఎడమ వారసులు కూడా కుడివాళ్లలాగే తల వైపు నడుస్తారు. ఇంతవరకు విన్నవాళ్లు సహజంగా అనుకునేదేమిటంటే, సంకేతం తోక దగ్గర పుడుతోంది కాబట్టి ఎడమ కణం అటు వెళుతోందని. పాఠ్యపుస్తకాల్లో బాణం గుర్తు గీసేదీ ఇలాగే.

1999లో సింథియా కెన్యన్ ప్రయోగశాల ఆ బాణాన్ని చెరిపేసింది. వేడి తగిలితేనే ఈజీఎల్-20 తయారయ్యే పురుగులను వాళ్లు సిద్ధం చేశారు. సంకేతం మోతాదును పెంచీ తగ్గించీ చూశారు. మోతాదు బాగా పెరిగితే కుడి కణంలోనూ మ్యాబ్-5 మేల్కొంది, అదీ వెనకబాట పట్టింది. అంటే మామూలు పురుగులో ఒకే టముకు రెండు పక్కలా మోగుతోంది, ఎడమ కణం చెవి చురుకు, కుడి కణం చెవి మందం. దిక్కు సంకేతంలో లేదు, వినే కణం సిద్ధపాటులో ఉంది. ఈ ఒక్క మాట మీతో చెప్పాలనే ఇవాళ నేను ఇక్కడికి వచ్చాను.

ఇక ఆగడం సంగతి. కుడి వారసులు తల వైపు నడిచి ఒక చోట ఆగిపోతారు. అక్కడ గీత ఏదైనా ఉందా? నెదర్లాండ్స్‌లో హెండ్రిక్ కోర్స్వాగెన్ బృందం 2014లో చూపించింది వేరు. నడుస్తున్న కణంలో ఒక దశకు రాగానే మిగ్-1 అనే గ్రాహకం తయారవుతుంది. ఆ గ్రాహకం వింట్ సంకేతాన్ని అందుకుని నడకను ఆపుతుంది. కణం నెమ్మదిగా నడిచినా, దూరం తక్కువ పోయినా మిగ్-1 మాత్రం దాని వేళకే వస్తుంది. దూరాన్ని కొలిచి కాదు, లోపలి గడియారాన్ని బట్టి కణం ఆగుతోంది. ఇది చదివినప్పుడు కలిగిన ఆనందం నాకు ఇంకా తగ్గలేదు.

ఈజీఎల్-20 చెడిపోతే ఇంకో కథ కూడా ఉంది. పిండదశలో తోక నుంచి నడుము దాకా నడిచే హెచ్ఎస్ఎన్ అనే నాడీకణం గుడ్లు పెట్టించే కండరాలను నడిపిస్తుంది. సంకేతం లేకపోతే అది గమ్యం చేరదు. గుడ్లు తల్లి లోపలే చిక్కుకుంటాయి. కొన్నిసార్లు పిల్లలు అక్కడే గుడ్డు చీల్చుకుని, తల్లిని లోపల్నుంచి తినేస్తాయి. ఒక కణం కాస్త దూరం నడవకపోయినందుకు జరిగే సంగతి ఇది.

మన మెదడులోనూ నాడీకణాలు పుట్టిన చోట ఉండవు. గర్భంలో శిశువు మెదడు లోపలి అంచున పుట్టి, పైపొర దాకా ప్రయాణిస్తాయి. ఆ ప్రయాణానికి కావలసిన ఎల్ఐఎస్1 జన్యువును 1993లో గుర్తించారు. దాని రెండు ప్రతుల్లో ఒకటి లోపించినా మెదడు మడతలు ఏర్పడక నున్నగా మిగిలిపోతుంది, బిడ్డకు మూర్ఛలు, తీవ్రమైన ఎదుగుదల లోపం వస్తాయి. చాలామంది పిల్లల్లో ఈ లోపం తల్లిదండ్రుల్లో ఉండదు, ఆ బిడ్డలోనే కొత్తగా వస్తుంది.

ఇలాంటి బిడ్డ పుట్టిన ఇంట్లో మనవాళ్లు తల్లిని అడిగే ప్రశ్నలు మీకు తెలుసు. గ్రహణం నాడు బయటికి వెళ్లావా, కత్తి పట్టుకున్నావా, ఏం తిన్నావు? డాక్టర్లు, నర్సులు, ఆశా కార్యకర్తలు అయ్యే విద్యార్థులు ఈ సభలో ఉన్నారు. ఆ తల్లి మీ ముందు కూర్చున్నప్పుడు, కణాలు ఎలా నడుస్తాయో, ఒక జన్యువులో చిన్న మార్పు ఆ నడకను ఎలా ఆపుతుందో ఆమె భాషలో చెప్పండి. ఇది ఆమె వల్ల జరిగింది కాదని అత్తగారు, భర్త వినేలా చెప్పండి.