"థర్మల్" అను విశేషణము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవ సందర్భమున నన్నుగూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు కోరిరి. నేను పండితుడను గాను; ఊరి లెక్కలు వ్రాయువాడను. సంస్కృతాంధ్రములను గురుముఖమున నేర్చు భాగ్యము నాకు లేకపోయినది. పగలు లెక్కలు వ్రాసి, సాయంకాలము ఈ గ్రంథాలయపు బల్లయొద్ద గూర్చుండి, అమరము నొకప్రక్కను శబ్దరత్నాకరము నొకప్రక్కను బెట్టుకొని తడవికొనుచు నేర్చినదే నా చదువు. అందుచేత కావ్యముల జోలికి పోక, మన యూరిలో దినమునకు నూరుమారులు వినబడు ఒక్క మాటను గూర్చి మాత్రమే మనవి చేసెదను. ఆ మాట "థర్మల్".

ఈ మాట నాకు ప్రశ్నగా తోచినది ఒక చిన్నపిల్ల వలన. ఒకనాటి సాయంకాలము ఇక్కడనే నా ప్రక్కన గూర్చుండి బొమ్మల పుస్తకము చూచుచున్న బాలిక, "పెద్దబాపూ, థర్మల్ అంటె ఏంది?" అని యడిగినది. "ఏముందమ్మా, మన కరెంటు ఫ్యాక్టరీ" అంటిని. "మరి కరోనప్పుడు బడి కాడ నొసటికి పెట్టి చూసినదాన్ని గూడ థర్మలే అన్నరు గద?" అన్నది. నాకు నోట మాట రాలేదు. కాగితములపై ఎన్ని వందలసార్లు వ్రాసియుంటినో ఆ మాటను! దాని యర్థము నాకు దెలియదని ఆ పిల్ల తేల్చివేసినది.

అంతకంటె బరువైన సంగతి యొకటి కలదు. దానిని దాచక చెప్పుట న్యాయము. కొన్నేండ్ల క్రిందట మన యువకు డొకడు దూరప్రాంతమున నొక యుద్యోగమునకు దరఖాస్తు వ్రాసి పెట్టుమని నాయొద్దకు వచ్చెను. అతడు బాయిలరు విభాగమున కొన్ని సంవత్సరములు కష్టపడినవాడు. నేను అనుభవమను గడిలో "థర్మల్‌లో పనిచేసినాడు" అని వ్రాసి సంతకము చేయించితిని. ఏ కేంద్రము, ఏ విభాగము, ఏ పని అను ప్రశ్నలతో ఆ కాగితము తిరిగివచ్చెను. సరిచేసి పంపునప్పటికి గడువు దాటిపోయినది. తప్పు ఆ యువకునిది కాదు, చదివినవారిదియు కాదు; నాది. విశేషణము వ్రాసి విశేష్యమును విడిచితిని. ఒక్క మాట కొరత యొక కుటుంబమునకు ఎంత నష్టము తెచ్చునో అప్పుడు తెలిసినది. అప్పటినుండి ఈ మాటను వదలక వెంబడించితిని. దొరికినదానిని మీ ముందుంచుచున్నాను.

మొదట పుట్టుక. ఇది ఇంగ్లీషు మాట యని మనమందుము. ఇంగ్లీషులో దీనికి స్వంతమైనది మిక్కిలి తక్కువ. ప్రాచీన గ్రీకు భాషలో "థెర్మోస్" అనగా వేడియైనది. "థెర్మే" అనగా వేడిమి. దీని చివర లాటిను ప్రత్యయమగు "అల్" చేరినది. సెంట్రల్, లోకల్, జనరల్ అను మాటల చివర నున్నదియు ఈ ప్రత్యయమే. అనగా మొండెము గ్రీకుది, తోక లాటినుది, వాడుక ఇంగ్లీషుది. పదునెనిమిదవ శతాబ్దమున ఈ మాట ఇంగ్లీషులో కనబడినప్పుడు "వేడినీటి ఊటలకు సంబంధించిన" అనియే దాని యర్థము. గ్రీసు దేశమున క్రీస్తుపూర్వము 480లో లియోనిడాసు అను స్పార్టారాజు మూడువందలమంది స్వజనులతోను, మరికొందరు గ్రీకులతోను పారసీక సేనల నెదిరించి మడిసిన కనుమ పేరు థెర్మోపిలే. అచ్చటి ఉష్ణజలపు ఊటలనుబట్టి "వేడి వాకిండ్లు" అని దానికి పేరు. మనకు దూరముగాని భద్రాచలము చెంత గుండాల యొద్ద గోదావరి యిసుకలో వేడినీరు ఊరును. ఆనాటి యింగ్లీషువాడు చూచినయెడల థర్మల్ అను మాటను మొదట ఆ ఊటకే వాడియుండును.

ఇక బంధుత్వము. ఇది నాకు మిగుల ఆశ్చర్యము గొలిపినది. సంస్కృతమున "ఘర్మము" అను మాట మీరెరిగినదే. వేడిమి యనియు, చెమట యనియు దానికి అర్థములు. "ఘర్మజలము", "ఘర్మబిందువులు" అని మన కవులు వాడుచునే యున్నారు. వేదకాలమున ప్రవర్గ్యమను కర్మయందు కాచిన పాలకును, ఆ కాచెడు పాత్రకును ఘర్మమనియే పేరు. ఈ ఘర్మమును, గ్రీకు థెర్మోసును ఒకే ధాతువునుండి పుట్టిన దాయాదులని భాషాశాస్త్రవేత్తలు నిర్ణయించిరి. ఒకే మూలధ్వని సంస్కృతమున "ఘ" యైనది, గ్రీకున "థ" యైనది, పారసీకమున "గ" యైనది. ఆ పారసీక శబ్దమే ఉర్దూ ద్వారమున మన హోటలు బల్లమీదికి వచ్చి కూర్చున్నది: "ఒక గరం చాయ్!" సంస్కృతము, గ్రీకు, లాటిను ఏకమూలమునుండి వచ్చి యుండవలెనని 1786లో కలకత్తాలో విలియం జోన్సు తన ప్రసంగమున జెప్పెను. ఆ సంగతికి నిదర్శనము మన యూరి గేటుమీదను, మన హోటలులోను, మన నొసటి చెమటలోను ఉన్నది గదా!

అయితే తెలుగు ఆ కుటుంబములోనిది కాదు. 1816లో కాంబెలు దొర తెలుగు వ్యాకరణమునకు పీఠిక వ్రాయుచు ఎల్లిసు దొర, తెలుగు సంస్కృతమునుండి పుట్టినది కాదనియు, తమిళ కన్నడములతో కూడిన వేరొక కుటుంబమునకు చెందినదనియు నిరూపించెను. అందుకే మనకు వేడిమికి మన స్వంత మాటలు పుష్కలముగ గలవు. వేడి, ఉడుకు, కాక, సెగ, వెచ్చన, ఉమ్మదము. పొయ్యిదగ్గర తగులునది సెగ. స్నానమునకు కాచినవి ఉడుకునీళ్లు. వాన రాకముందు పట్టునది ఉమ్మదము. ఇన్ని భేదములను ఒక్క "థర్మల్" చెప్పలేదు.

ఇప్పుడు అర్థమునకు వత్తము. థర్మల్ అనగా "వేడియైన" అని కొందరు చెప్పుదురు. అది సరికాదు. "వేడిమికి సంబంధించిన" అని చెప్పవలెను. ఈ రెండింటికి భేదము పెద్దది. "వేడి చాయ" అనవచ్చును. "థర్మల్ చాయ" అనరాదు. "చాలా వేడి" అనవచ్చును. "చాలా థర్మల్" అనుట పొసగదు. వేడి యనునది గుణమును దెలుపు విశేషణము. థర్మల్ అనునది సంబంధమును దెలుపు విశేషణము. కావుననే దానికి తరతమ భేదములు లేవు.

మూడు వాడుకలు చూచినచో ఇది తేటపడును.

మొదటిది మన కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రము. 500 మెగావాట్ల మొదటి దశ ఉమ్మడి రాష్ట్రమున 2010లోను, 600 మెగావాట్ల రెండవ దశ తెలంగాణ ఏర్పడిన పిదప 2016లోను ఉత్పత్తికి వచ్చినవి. బొగ్గును పిండిచేసి కాల్తురు. ఆ వేడిమికి నీరు ఆవిరియగును. ఆవిరి టర్బైనును త్రిప్పును. టర్బైను జనరేటరును త్రిప్పగా విద్యుత్తు పుట్టును. విద్యుత్తు వేడియైనదని కాదు, వేడిమి మూలముగా పుట్టినదని ఆ విశేషణము చెప్పుచున్నది. నీటి ప్రవాహముతో పుట్టించినది జలవిద్యుత్తు. వేడిమితో పుట్టించినది తాపవిద్యుత్తు. నేను లెక్కలవాడను గనుక ఒక లెక్క చెప్పనిండు. 1100 మెగావాట్లును ఇరువదినాలుగు గంటలు నిండుగా నడచినచో దినమునకు 2 కోట్ల 64 లక్షల యూనిట్లగును. కాని బొగ్గులోని వేడిమియంతయు విద్యుత్తు కాదు. ఇట్టి కేంద్రములలో ఇంచుమించు మూడవవంతో, కొంచెమెక్కువయో విద్యుత్తగును. తక్కినది పొగగొట్టము వెంటను, చల్లార్చు గోపురముల వెంటను పోవును. ఆ గోపురములపై కనబడు తెల్లని మబ్బు బొగ్గుపొగ కాదు, నీటియావిరి.

రెండవది 2020లో కరోనా కాలమున నొసటికెదురుగ పట్టిన థర్మల్ స్కానరు. అది వేడి పరికరమనియు, దానివలన తలకు హాని కలుగుననియు కొందరు జడిసిరి. అది మనలోనికి వేడిమిని పంపదు; మన శరీరమునుండి వెలువడు కంటికి కానరాని కిరణములనుబట్టి వేడిమిని కొలుచును. విశేషణపు అర్థము తెలిసినయెడల ఆ భయము కలిగియుండెడిది కాదు.

మూడవది మీ జేబులలో నున్నది. బస్సు టికెట్టు, ఏటీఎం చీటీ, ఎరువుల దుకాణపు రసీదు పెక్కుచోట్ల థర్మల్ కాగితముపై వచ్చును. అందు సిరా లేదు. కాగితముపై పూసిన రసాయనము యంత్రపు వేడిమి తగిలినచోట నల్లబడి అక్షరమగును. అందుచేతనే ఎండలో నుంచినను, చాలకాలము దాచినను అక్షరములు చెడిపోవును. రసీదును భద్రముగ పెట్టెలో దాచి, అవసరమైననాడు తెల్లకాగితము తెచ్చి నాముందు పెట్టి కన్నీరు పెట్టినవారిని నేను చూచితిని. అయ్యా, అమ్మా! విత్తనముల రసీదైనను, ఎరువుల రసీదైనను ఇంటికి తెచ్చిననాడే జిరాక్సు తీయించి ఉంచుకొనుడు. ఈ ప్రసంగములో ఇంకేమి మరచినను ఇది మరువకుడు.

ఇక మన యూరి వాడుక. "థర్మల్ కాడ దిగు", "థర్మల్‌ల పని దొరికింది", "థర్మలోళ్లు వచ్చిండ్రు" అని మనమందుము. ఇచట విశేషణము విశేష్యమును మ్రింగి తానే నామవాచకమై కూర్చున్నది. కొందరు చదువుకొన్నవారు దీనిని చూచి నవ్వుదురు. నవ్వనక్కరలేదు. ఇంగ్లీషులో "మొబైల్" అనగా కదలగలది అని విశేషణమే. ఫోనును విడిచి నేడు లోకమంతట నామమై తిరుగుచున్నది. నోటిమాటలో ఇట్లు పొట్టిచేసికొనుట జనుల హక్కు. ఊరిలో "థర్మల్" అన్నచో ఏదియో అందరికి దెలియును.

కాని కాగితము ఊరు దాటిపోవును. కాగితమువెంట మనము పోలేము. "అదిగో, ఆ థర్మల్" అని వ్రేలు చూపలేము. అచట విశేషణము ఒంటరిగ నిలువలేదు. కావున మన పిల్లలు దరఖాస్తు వ్రాయునప్పుడు కేంద్రము పూర్తిపేరు, విభాగము, చేసిన పని, చేసిన కాలము స్పష్టముగ వ్రాయవలెను. బాయిలరు చెంత సెగకోర్చి చెమటోడ్చినవాని యేండ్లను మూడక్షరములలో ముడిచిపెట్టుట అన్యాయము. ఘర్మమునకు చెమట యని గూడ అర్థమున్నదని ఇందాక మనవి చేసితిని గదా. ఆ యర్థమును నేను ఆ యువకుని కాగితముపై వ్రాయక విడిచితిని.

గ్రంథాలయమువలన ప్రయోజనమేమని అడుగువారు నేటికిని కలరు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును స్థాపించిన పెద్దలు, మాట తెలిసినవానిని ఎవరును మోసగింపలేరను నమ్మకముతోనే ఆ పని చేసియుందురని నా తలంపు. నాకైతే ఒక్క మాట తెలియక పోయినది ఒక యువకుని యవకాశము. ఒక్క మాట తెలిసి మిగిలినవి కొన్ని రసీదులు.

ఈ రజతోత్సవమున నా కానుకగా నొక నోటుపుస్తకమును బల్లపై నుంచుచున్నాను. పనిచేయుచోట గాని, కార్యాలయమున గాని, దవాఖానలో గాని మీకు వినబడి యర్థము తెలియని మాటను అందు వ్రాసి పొండు. తెలిసినవారు దానిక్రింద అర్థము వ్రాయుడు. నాకు తెలిసినవి నేను వ్రాసెదను, తెలియనివి వెదకెదను. మొదటి పుటలో మొదటి మాటను ఆ బాలికచేతనే వ్రాయించితిని. ఆ మాట యేదో మీకు వేరుగ చెప్పనక్కరలేదు.