పోతపోసిన నకలు భాగములు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘపు బాలబాలికలు వార్షికోత్సవ ప్రదర్శనమునకై ఒక ఓడ నమూనాను సిద్ధము చేయుచున్నారు. వారు ఎంచుకొన్నది 1948 మార్చి 14న విశాఖపట్టణమున నెహ్రూగారు జలప్రవేశము చేయించిన ‘జల ఉష’. తెలుగునేలకు దూరమున పెరుగుచున్న పిల్లలు ఆ రేవును తలచుకొనుట మాకు ఎంతయో సంతోషము. అయితే వారు మమ్మొక ప్రశ్న అడిగిరి: అంగడిలో కొన్న రెజిన్ పడవకు మూస తీసి, కావలసినన్ని పోసికొనవచ్చునా?

మొదట పని సంగతి. ఓడకు ఒకే రీతి ప్రాణరక్షక పడవలు, గాలిగొట్టములు పెక్కు కావలెను. 24 అడుగుల పడవ 144వ వంతు కొలతలో 2 అంగుళములగును. అట్టిదానిని ఒక్కటి శ్రద్ధగా చెక్కి, సిలికోన్ రబ్బరుతో మూస తీసినచో, తక్కినవి రెజిన్‌తో పోయవచ్చును. రబ్బరు వంగును గనుక లోపలికి మడిగిన అంచులు సైతము చెడక వెలువడును. రెండు ద్రవములను చెప్పిన పాళ్లలో కలిపి పోసిన కొద్ది నిమిషములలో గట్టిపడును. వెలువడిన భాగమును సబ్బునీట కడుగనిదే రంగు నిలువదు. ప్లాస్టిక్‌ను అతికించు మామూలు జిగురు రెజిన్‌కు పనికిరాదు; ఎపాక్సీ వంటిది వాడవలెను.

ఒక వానకాలమున మేము పోసిన మొదటి పడవలన్నియు బూరెలవలె పొంగినవి. తేమ తగిలినచో ఆ ద్రవమున వాయువు పుట్టుననుట నాడే తెలిసికొంటిమి. పిమ్మట ముక్కునకు గుడ్డయైనను కట్టక పొడిగా అరగదీసి రెండు దినములు దగ్గితిమి. కావున, పిల్లలారా, కిటికీలు తెరచి, తగిన ముసుగు ధరించి, పెద్దల సమక్షమున, నీటితో తడిపియే అరగదీయుడు.

ఇక ప్రశ్నకు సమాధానము. ఒకప్పుడు మేమును ఒక చిన్న పనివాని వద్ద కొన్న భాగమునకు మూస తీసి, పది నకళ్లు మిత్రులకు పంచితిమి. అందరును మెచ్చిరి. కాని ఆ పది భాగములును అతడు అమ్ముకొనవలసినవే. రబ్బరు మూస కొన్ని పదుల పోతలకే చిరిగిపోవును. మరల మూస తీయవలెను. అతని బ్రతుకు ఆ కొద్ది అమ్మకములపైననే నిలిచియున్నది. సంగతి గ్రహించి, ఆ పదింటి వెలను అతనికి పంపి క్షమాపణ కోరితిమి.

అంతేకాదు, నకలుకు నకలు తీయుకొలది వస్తువు రవంత కుదించుకొనిపోవును, గీతలు మాసిపోవును. ‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అన్న పెద్దల మాట ఇచటను చెల్లును.

కావున మీరు చెక్కినదానికి మీరు మూస తీయుడు, ఎన్నియైనను పోయుడు. పరులది కావలసినచో కొనుడు, కొన్నదని చీటీపై వ్రాయుడు. మీ మొదటి పడవ వంకరగా ఉన్నను, అది మీదియే. ఆ వంకర పడవను చూచుటకే మేము ప్రదర్శనమునకు ముందుగా వత్తుము.