ఎవరు పెట్టిన పేరు



ఏటా ఈ రోజున మాస్టారి పేరు మీద మాట్లాడటానికి ఒకరిని పిలుస్తారు. ఈసారి నన్ను పిలిచారు. ఆయన పేరు నా వెనక బ్యానరు మీద ఉంది. నేను మాత్రం ఆ పేరు పలకను. ఆయన బతికి ఉండగా ఈ అండమాన్ దీవుల్లో, మన జంగ్లీఘాట్‌లో ఎవరూ ఆయన్ని పేరుతో పిలవగా నేను వినలేదు. చేపల జెట్టీ దగ్గర తట్టలు మోసే మా అప్ప నుంచి లాంచీ డ్రైవరు దాకా అందరికీ ఆయన మాస్టారే. బెంగాలీ వాళ్ళకి కూడా ఆయన ‘మాస్టర్‌జీ’.

అయితే పేర్లంటే ఆయనకి మహా ఇష్టం. ఆయన హాజరుపట్టీలో ప్రతి పిల్లవాడికీ రెండు పేర్లుండేవి. సిరాతో బడి పేరు, పక్కన పెన్సిల్‌తో చిన్న అక్షరాల్లో ఇంటి దగ్గర పిలిచే పేరు. బడి తెరిచిన మొదటి వారమంతా ఆయన పాఠం చెప్పేవారు కాదు. ఒక్కొక్కణ్ణీ నిలబెట్టి “ఇంటికాడ ఏటంటారు నిన్ను?” అని అడిగేవారు. పై అధికారి ఎవరో వచ్చి పట్టీ పాడుచేశారని కేకలేశాడని కూడా విన్నాను. నేను తర్వాత విశాఖపట్నం వెళ్ళి మానవశాస్త్రం చదివి, జీతానికి అదే పాఠం చెప్పి రిటైరయ్యాను. ఆ శాస్త్రంలో నాకు మొదటి పాఠం ఆ పెన్సిల్ రాత. ఇవాళ నా మాటలన్నీ దాని గురించే.

మన వీధి పేరుతో మొదలుపెడదాం. ఘాట్ అంటే రేవు. మరి జంగ్లీ? 1858 మార్చి 10న డాక్టర్ వాకర్ 200 మంది ఖైదీలను ఇక్కడ దింపినప్పటి నుంచి అధికారులూ ఖైదీలూ ఈ దీవుల సొంత మనుషుల్ని పిలిచిన మాట అది. ఖైదీని తెచ్చి సంకెళ్ళేసినవాడికీ, సంకెళ్ళలో ఉన్నవాడికీ, ఇద్దరికీ తమకంటే తక్కువవాడొకడు దొరికాడన్నమాట. తమాషా ఏమిటంటే, ఆ మాటకి మూలమైన జాంగలం అంటే సంస్కృతంలో దట్టమైన అడవి కాదు. ఆయుర్వేదం నేలను జాంగలం, ఆనూపం, సాధారణం అని విభజించింది. జాంగలం పొడి నేల, పలచని చెట్లు, జింకలు తిరిగే బయలు. ఆనూపం నీరూ బురదా తేమా ఉన్న చోటు. ఆ లెక్కన సంవత్సరంలో సగం రోజులు తడిసే ఈ అండమాన్ పక్కా ఆనూపదేశం. ఫ్రాన్సిస్ జిమ్మర్‌మన్ అనే పండితుడు ఈ మాట ఎలా తిరగబడిందన్న దాని చుట్టూ 1982లో ఒక పుస్తకమే రాశాడు. ఎండిన బయలును చెప్పే మాట చీకటి అడవికి పేరై, అక్కడి నుంచి మనిషికి తిట్టయి, చివరికి మన ఇంటి చిరునామా అయింది. ఉత్తరం మీద రోజూ రాస్తాం, ఎప్పుడూ నొచ్చుకోం.

ఆ ‘జంగ్లీ’లను చూడటానికి 1906లో ఇంగ్లండు నుంచి ఒక కుర్రవాడు వచ్చాడు, కేంబ్రిడ్జిలో చదువుకున్నవాడు. రెండేళ్ళు పనిచేసి 1908లో వెళ్ళిపోయాడు. 1922లో ‘ది అండమాన్ ఐలాండర్స్’ అచ్చయింది. ప్రపంచంలో ఎక్కడ మానవశాస్త్రం చదివినా ఆ పుస్తకం పేరు తగలక తప్పదు. అట్ట మీద రచయిత పేరు ఎ.ఆర్. బ్రౌన్. 1926లో ఆయన తల్లి పుట్టింటిపేరు కలుపుకుని చట్టప్రకారం రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అయ్యాడు. పేర్ల గురించి రాసినవాడికి తన పేరు చాలలేదు పాపం!

ఆయన పనిలో లోపాలు లేకపోలేదు. దుబాసీలను పెట్టుకుని మాట్లాడాడు. అప్పటికే గ్రేట్ అండమానీయులు రోగాలతో రాలిపోతున్నారు. 1901 జనగణనలో వాళ్ళు 625 మంది. 1961 నాటికి మిగిలింది 19 మంది. కూలిపోతున్న ఇంటికి పటం గీసినట్టు రాశాడని కొందరంటారు. నేనూ అంటాను. కానీ పేర్ల గురించి ఆ పుస్తకంలో ఉన్న నాలుగు మాటలు మాత్రం నన్ను ముప్పై ఏళ్ళుగా వదల్లేదు.

ఆయన చూసిన అండమానీయులు బిడ్డ కడుపులో ఉండగానే పేరు పెట్టేవారు. ఆడైనా మగైనా అదే పేరు. అప్పటి నుంచి బిడ్డ పుట్టిన కొన్ని వారాల దాకా తల్లిదండ్రుల్ని వాళ్ళ సొంత పేర్లతో పిలిచేవారు కాదు. ఆడపిల్ల ఈడేరినప్పుడు అడవిలో ఏ పువ్వు పూస్తుంటే ఆ పువ్వు పేరు వచ్చేది. తల్లయ్యేదాకా అదే పిలుపు. మనిషి పోతే దుఃఖకాలం తీరేదాకా పోయినవాళ్ళ పేరు ఎత్తేవారు కాదు. దగ్గరి చుట్టాల పేర్లు కూడా ఎత్తేవారు కాదు. ఇవన్నీ ఒకచోట పేర్చి ఆయన చెప్పిందేమిటంటే, పేరు మనిషికి నలుగురిలో ఉన్న చోటు. ఆ చోటు మారుతున్న రోజుల్లో, అంటే ఇటూ అటూ కాని రోజుల్లో, పేరుని పక్కన పెడతారు. మళ్ళీ కుదుటపడ్డాక తీస్తారు.

ఇది చదివినప్పుడు విశాఖ హాస్టల్లో నాకు నవ్వొచ్చింది. ఇంగ్లండు నుంచి ఇంత దూరం రావాలా దీనికి? మా ఇంట్లో పురుడైతే బారసాల దాకా బిడ్డ ‘చంటిది’, తల్లి ‘బాలింత’. పెళ్ళైతే ఐదు రోజులు వాడు ‘పెళ్ళికొడుకు’. పెంచిన మేనమామ కూడా పేరుతో పిలవడు. కొత్త కోడలు మొగుడి పేరు చెప్పాల్సి వస్తే తలుపు చాటుకి వెళ్ళి వేలితో గాలిలో రాసేది. పిల్లలు పుట్టాక ఆవిడ ‘నూకరాజు వాళ్ళమ్మ’ అయిపోతుంది. చనిపోయాక ఓటరు కార్డు తీసి చూస్తేగాని ఆవిడ అసలు పేరు వీధికి తెలియదు. పిల్లల పేర్లతో తల్లిదండ్రుల్ని పిలిచే ఈ ఆచారానికి టైలర్ అనే ఆయన 1889లోనే శాస్త్రంలో ఒక గ్రీకు పేరు కట్టాడు. మా అమ్మకి ఆ సంగతి తెలియదు. తెలియకుండానే అరవై ఏళ్ళు పాటించింది.

నూకరాజు అన్నాను కాబట్టి ఒక మాట. మన జెట్టీ దగ్గర నిలబడి ఎవరినైనా కేకేసి పిలవండి. నూకరాజంటే వాళ్ళ పెద్దలు అనకాపల్లి నూకాలమ్మకి మొక్కారు. పైడిరాజంటే విజయనగరం పైడితల్లికి. అప్పన్న, అప్పలస్వామి, అప్పలరాజు సింహాచలం కొండకి. ఓడలో రెండున్నర రోజులు ప్రయాణించి, పన్నెండు వందల కిలోమీటర్ల సముద్రం దాటి వచ్చినవాళ్ళు భూమి తెచ్చుకోలేదు, గుడి తెచ్చుకోలేదు. పేర్లలో కట్టుకుని తెచ్చుకున్నారు. మా తరం పేర్లు వరసగా చదివితే శ్రీకాకుళం నుంచి తుని దాకా జాతర్ల పటం గీయొచ్చు. మనవల పేర్లతో గీయలేం. అవి టీవీలోంచి వచ్చాయి. ఇందులో ఏడవాల్సింది లేదు, వాళ్ళ అమ్మవారు వేరే.

దేవుడి పేర్ల సంగతి సరే, ఇంకో రకం పేర్లున్నాయి. వరసగా ముగ్గురు పిల్లలు పోతే నాలుగోవాడిని పుట్టగానే పెంటకుప్ప మీద దొర్లించి, ఎవరో పారేసుకున్న బిడ్డ దొరికినట్టు ఎత్తుకొచ్చి పెంటయ్య అనేవారు. చావుకి కూడా వీడు పనికిరాడనిపించాలి కదా. ఈ మోసం ఒక్క మనదే కాదు. చైనాలో పిల్లల్ని కుక్కపిల్లా అని పిలిచిందీ ఇందుకే.

ఇప్పుడు చుట్టరికం. అమెరికాలో రోచెస్టర్ అనే ఊళ్ళో లూయీ హెన్రీ మోర్గాన్ అని ఒక ప్లీడరు ఉండేవాడు. చుట్టాల్ని ఎవరెవరు ఏమని పిలుస్తారని ప్రపంచమంతా ప్రశ్నపత్రాలు పంపి, వచ్చిన జవాబులన్నీ 1871లో అచ్చు వేశాడు. ఆ పట్టికల్లో మన పెదనాన్న, పినతండ్రి, మేనమామ, మేనత్త ఉన్నారు, అమెరికన్ ఇండియన్ల వరసల సరసన. తండ్రి అన్నదమ్ములు తండ్రులే, తల్లి అక్కచెల్లెళ్ళు తల్లులే అన్న లెక్క న్యూయార్క్ అడవుల్లోని సెనెకా వాళ్ళకీ మనకీ ఒకటేనని చూసి ఆయన నిర్ఘాంతపోయాడు.

ఆ లెక్క మన వీధిలో ఎలా పనిచేసేదో నాకు బాగా గుర్తు. పక్కింటి ఆవిడని పిన్నీ అంటే ఆవిడ పిల్లలు నీకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. అత్తా అంటే ఆవిడ కూతురు నీకు వరసైన పిల్ల. అందుకే కొత్తగా ఒక కుటుంబం వీధిలోకి దిగితే మా అమ్మలు రెండు రోజులు ఏ పిలుపూ లేకుండా “ఇదిగో, ఏమండీ” అని నెట్టుకొచ్చి, ఊరూ కులమూ ఆరా తీశాకే పిల్లలకి చెప్పేవారు, ఫలానా పిన్ని, ఫలానా అత్త అని. తమిళుల ఇల్లు, రాంచీ వాళ్ళ ఇల్లు పక్కన వచ్చేసరికి ఈ లెక్క చెడింది. మధ్యలో అండమాన్ హిందీ వచ్చి అందరినీ ఆంటీ చేసింది. ఆంటీలో మేనరికం లేదు, మేనరికం కాకపోవడమూ లేదు. నా వయసు వాళ్ళు ఇద్దరు ముగ్గురు ‘ఆంటీ’ కూతుళ్ళనే చేసుకున్నారు. పెళ్ళైన మర్నాడు ఆ ఆంటీ అత్తయ్యగారయింది.

చేపల దగ్గర ఇంకో చిక్కు. మనకి సూర అంటే ట్యూనా. హిందీలో సుర్మయి అంటే వంజరం, మన వైపు మాటలో కోనాం. గుమాస్తాగారి భార్య సుర్మయి అడిగితే, ఊరి నుంచి కొత్తగా వచ్చిన మా చిన్నమ్మ సూర తూచి ఇచ్చింది. ఆవిడ తిరిగి తెచ్చి పడేసింది. మా చిన్నమ్మ చనిపోయేదాకా నవ్వించిన కథ ఇది. కానీ మన పేర్లు ప్రతిసారీ ఓడిపోలేదు. 1803లో పాట్రిక్ రస్సెల్ అనే ఆయన విశాఖపట్నం తీరంలో సేకరించిన 200 చేపల బొమ్మలతో పుస్తకం వేశాడు. చాలా చేపలకి అక్కడి మనుషులు ఏమంటారో ఆ పేరే పెట్టాడు. అందులోని కానగుర్తని తీసుకునే ఫ్రాన్సులో క్యువియే శాస్త్రీయ నామం చేశాడు. ఇవాళ జపాన్ వాడైనా, ఆఫ్రికా వాడైనా మన కానాగంతని శాస్త్రంలో రాయాలంటే కానగుర్త అని రాయాల్సిందే. ఆ పేరు చెప్పిన జాలరి పేరు మాత్రం పుస్తకంలో లేదు. మాస్టారి చేతిలో ఆ పుస్తకం పడి ఉంటే పక్కన పెన్సిల్‌తో ఏదో ఒకటి రాసేవారు.

జాలరుల మాట వచ్చింది కనుక, విశాఖ జాలారిపేటలో ఏళ్ళ తరబడి ఉండి చార్లెస్ నకోల్స్ రాసినవి మన పిల్లలు చదవాలి. వల ఖాళీగా వస్తే ఏ అమ్మవారికి కోపం వచ్చిందో ముందు పేరు తేలాలి. పేరు తేలితే ఆ కోపం వెనక అన్నదమ్ముల మధ్య ఏ తగవు ఉందో బయటపడుతుంది. తగవు తీరితే పూజ. ఇది మూఢనమ్మకమని కొట్టేసేవాళ్ళు ఒకసారి తమ ఆస్తి పంపకాల సంగతి తలచుకోవాలి.

ఇంతవరకూ మనకి మనం పెట్టుకున్న పేర్లు. పరాయివాళ్ళు మనకి పెట్టినవీ ఉన్నాయి. బొంబాయిలో ఇళ్ళు కట్టడానికి వెళ్ళిన తెలుగు కూలీలు కామాఠీలయ్యారు, వాళ్ళుండే చోటు కామాఠీపుర అయింది. ఆ పేట పేరు చెబితే దేశమంతా ఏం తలుస్తుందో మీకు తెలుసు. ఇటుకలు మోసినవాళ్ళని ఎవరూ తలవరు. రంగం, అంటే రంగూన్, వెళ్ళినవాళ్ళు కోరంగి రేవులో ఓడెక్కారు కాబట్టి కొరంగీలు. మలయా వాళ్ళకి కళింగం పేరుతో కెలింగ్, ఇవాళ అది తిట్టు. ఇక్కడ? 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగు తమ భాష అన్నవాళ్ళు నూటికి 13 మంది పైచిలుకు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మనమే. అయినా దీవి లెక్కలో ముందు అడిగేది భాష కాదు. లోకల్ బార్నా, సెట్లరా, ప్రీ-42నా? 1942లో జపాన్ వాళ్ళు దిగకముందు మీ తాత ఇక్కడున్నాడా లేదా? ఒక యుద్ధపు సంవత్సరం కులంలా పనిచేస్తోంది. మూడో తరం పుట్టినా మనం ‘మెయిన్‌ల్యాండ్ వాళ్ళ’మే. మెయిన్‌ల్యాండ్ వెళ్తే ‘అండమాన్ వాళ్ళ’ం. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. బ్లెయిర్ అన్న ఈస్టిండియా కంపెనీ లెఫ్టినెంటు పేరు పోయింది. జంగ్లీఘాట్ పేరు ఎవరికీ గుర్తు రాలేదు.

మనకి ఇంత నొప్పి ఉంటే, మనం రోజూ జారవాలు అని పిలిచేవాళ్ళ సంగతి? ఆ మాట వాళ్ళది కాదు. వాళ్ళతో పడని పొరుగు తెగ అకా-బియా భాషలో జారవా అంటే పరాయివాడు. పరాయివాడన్న మాటే ప్రభుత్వ కాగితాల్లో జాతి పేరయింది. వాళ్ళు తమని తాము ఆంగ్ అంటారు, మనుషులు అని. ఆదిలాబాద్‌లో మనం గోండులనేవాళ్ళు తమని కోయ్‌తూర్ అనుకుంటారు. గ్రేట్ అండమానీయుల ‘బో’ భాష తెలిసిన చివరి మనిషి బోవా సీనియర్ 2010 జనవరిలో ఈ ఊళ్ళోనే కన్నుమూసింది. ఆమెని ఆ భాషలో పిలవగలిగినవాళ్ళు ఆమెకంటే ముందే పోయారు.

ఇక ఉత్తర సెంటినెల్ దీవి మనుషులు. 1951 నుంచి మన ఊళ్ళో మానవశాస్త్ర సర్వే కార్యాలయం ఉంది. అందులో పనిచేసిన త్రిలోక్‌నాథ్ పండిట్, మధుమాల చటోపాధ్యాయ వంటివారు కొబ్బరికాయలు తీసుకెళ్ళి, 1991లో వాళ్ళ చేతికే అందించగలిగారు. కొబ్బరికాయలు పుచ్చుకున్నారు. పేరు ఇవ్వలేదు. మనం సెంటినెలీ అనేది దీవి పేరు, ఆ దీవి పేరు పెట్టిందీ బయటివాడే. తర్వాత ఆ యాత్రలు ఆపేశారు. మంచి పని చేశారనే నా అభిప్రాయం. ప్రపంచంలో ఇన్ని హాజరుపట్టీలున్నాయి, ఒక గడి ఖాళీగా ఉంటే కొంపలేం మునిగిపోవు.

మాస్టారి పట్టీలో కూడా ఒకటి ఖాళీగా ఉండేది. ఆయన నన్ను నిలబెట్టి “ఇంటికాడ ఏటంటారు?” అని అడిగిన రోజు నేను నేల చూశాను. వెనక బెంచీలో నవ్వు మొదలైంది. ఆయన నవ్వినవాణ్ణి చూడలేదు, నన్నూ మళ్ళీ అడగలేదు. పెన్సిలు చెవి మీద పెట్టుకుని పక్కవాడి దగ్గరికి వెళ్ళిపోయారు. ఐదో తరగతి అయ్యేదాకా ఏడాదికోసారి ఆ గడి దగ్గర ఒక్క క్షణం ఆగి, నా వైపు చూసి, ముందుకు వెళ్ళేవారు.

నాకంటే ముందు ముగ్గురు పోయారు. మా అమ్మ నన్ను పెంటయ్యా అని పిలిచేది, మాస్టారూ.